ఫిజీకి వీసా అక్కరలేదట! మరి తక్కినవో?

2025 ఆగస్టులో ఫిజీ ప్రధానమంత్రి సితివేని రబుకా ఢిల్లీకి వచ్చి వెళ్లిన సంగతి పాఠకులకు విదితమే. అంతకు ఏడాది ముందు, 2024 ఆగస్టులో, మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఫిజీలో పర్యటించారు. భారత రాష్ట్రపతి ఆ దేశంలో అడుగుపెట్టడం అదే ప్రథమం. 2014 నవంబరులో ప్రధాని మోదీ పర్యటనతో ఊపందుకున్న స్నేహం ఈ పదేళ్లలో క్రమంగా చిక్కనైంది. రబుకా పర్యటనలో సువా నగరంలో వంద పడకల ఆసుపత్రి మొదలుకొని మందుల సరఫరా వరకు అనేక విషయాలపై ఒప్పందాలు కుదిరాయి. వలసలు, రాకపోకల గురించి ఒక ఉద్దేశ ప్రకటనపై కూడా సంతకాలు జరిగాయి.

ఇంత వార్తలో మన ఊళ్ల అరుగుల మీదికి చేరినది ఒక్క వాక్యమే. "ఫిజీకి వీసా అక్కరలేదన్నా, టికెట్ కొనుక్కొని విమానం ఎక్కడమే!"

ఈ మాట అబద్ధం కాదు. అయితే పూర్తి నిజమూ కాదు. సగం నిజం చెప్పి సముద్రం దాటించడం ఈ ప్రాంతానికి కొత్త కాదు గనుక, మిగిలిన సగం ఏమిటో కాస్త నిదానంగా చూద్దాం.

భారత పాస్‌పోర్టు ఉన్నవారు ముందుగా వీసా తీసుకోకుండానే ఫిజీకి వెళ్లవచ్చు. అక్కడ దిగిన తరువాత నాలుగు నెలల వరకు సందర్శకులుగా ఉండే అనుమతి ఇస్తారు. ఈ వాక్యంలో బరువైన మాట "సందర్శకులుగా" అన్నది. చుట్టపుచూపుగా వెళ్లవచ్చు, సముద్రతీరం చూడవచ్చు, గుళ్లకు వెళ్లవచ్చు. కూలికి వెళ్లరాదు, దుకాణంలో నిలబడరాదు, తాపీ పట్టరాదు. అనుమతి ఇచ్చేది కూడా మనం టికెట్ కొన్నందుకు కాదు. దిగిన చోట అధికారి చూసి తృప్తి పడినందుకు. పాస్‌పోర్టుకు మన బస ముగిసే నాటి నుండి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. తిరుగు ప్రయాణపు టికెట్ చేతిలో ఉండాలి. ఎక్కడ దిగుతామో చిరునామా చెప్పగలగాలి. ఉన్నన్నాళ్లూ ఖర్చు పెట్టుకోగల సొమ్ము ఉన్నదని చూపగలగాలి. వీసా ఉన్న దేశానికి వెళ్లేటప్పుడు ఈ ప్రశ్నలన్నీ మన దేశంలోనే, రాయబార కార్యాలయం కిటికీ వద్దనే ఎదురవుతాయి. కాగితం తక్కువైతే ఇంటికి వచ్చి మళ్లీ వెళ్లవచ్చు. వీసా లేని దేశంలో అదే ప్రశ్న వేల మైళ్లు దాటిన తరువాత ఎదురవుతుంది. తక్కువైతే అట్నుంచి అటే వెనక్కు పంపుతారు. కనుక వీసా లేకపోవడం వల్ల సన్నాహం తగ్గదు సరికదా, ఆ భారమంతా ప్రయాణికుని నెత్తికే వస్తుంది.

మార్గం సంగతి మరొకటి. మన దేశం నుండి ఫిజీకి నేరుగా విమానం లేదు. చెన్నై నుండో బెంగళూరు నుండో బయలుదేరి సింగపూరులోనో, హాంకాంగులోనో, లేదా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నగరాలలోనో మారవలసి ఉంటుంది. సింగపూరు, హాంకాంగుల నుండి ఫిజీ ఎయిర్‌వేస్ విమానాలు నాడి విమానాశ్రయానికి వెళతాయి. సింగపూరు నుండే దాదాపు పది గంటల ప్రయాణం. సిడ్నీ మీదుగానో ఆక్లండ్ మీదుగానో టికెట్ చవకగా దొరికిందని సంబరపడి కొనేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. విమానం మారడానికే అయినా, విమానాశ్రయం బయట కాలు పెట్టకపోయినా, మన పాస్‌పోర్టుతో ఆ రెండు దేశాలకూ మార్గమధ్య వీసా కావాలి. ఆస్ట్రేలియా దానికి రుసుము తీసుకోదు గాని, ముందుగా దరఖాస్తు చేసుకొని పొందవలసిందే. ఫిజీకి వీసా అక్కరలేదన్న ధీమాతో వెళితే, చెన్నై విమానాశ్రయంలోనే బోర్డింగ్ పాసు ఇవ్వక నిలిపివేస్తారు.

సింగపూరు మీదుగా వెళ్లేవారికి ఈ చిక్కు లేదు, అయితే రెండు విమానాలకూ ఒకే టికెట్ ఉండాలి. చెన్నైలో ఇచ్చిన పెట్టె నాడిలో చేతికి రావాలి. వేర్వేరుగా రెండు టికెట్లు కొంటే, నడుమ దిగి పెట్టె తీసుకొని మళ్లీ అప్పగించడానికి ఆ దేశంలోకి ప్రవేశించవలసి రావచ్చు. అప్పుడు ఆ దేశపు వీసా నిబంధన మనకు వర్తిస్తుంది. టికెట్ కొనేవారు దళారీని అడగవలసిన మొదటి ప్రశ్న ధర కాదు, "పెట్టె ఎక్కడిదాకా పోతుంది?" అన్నది.

ఇక పాస్‌పోర్టు. ఇది అందరికీ ఉన్నదే అయినా, సరిహద్దు తెలుగువారికి ఇందులో ప్రత్యేకమైన తలనొప్పి ఒకటి ఉన్నది. తరగతి గదిలో హాజరు పట్టీ పిలిచే ఉపాధ్యాయునిగా ఈ తంటా నాకు ప్రతి సంవత్సరం కనిపిస్తుంది. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. ప, బ లకు ఒకే అక్షరం. ఇంట్లో గోవిందమ్మ రేషన్ కార్డులో గోవిందమ్మాళ్ అవుతుంది. ఆ తమిళ అక్షరాలను చూసి ఎవరో ఇంగ్లీషులోకి ఎక్కించినప్పుడు కోవిందమ్మాళ్ అవుతుంది. ఆధార్‌లో ఒకటి, టి.సి.లో ఒకటి, ఓటరు కార్డులో మరొకటి. ఒడిశాలోని మనవారి బాధ ఇంకో రకం. ఒడియా రాతలో వకారం బకారమవుతుంది, వెంకటరావు బెంకటరావుగా మారతాడు. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు గనుక అటువైపు వారికి ఈ బెడద తక్కువ.

ఇంటిపేరుతో చిక్కు ఇంతకన్న పెద్దది. చిత్తూరు జిల్లాలో ఉన్న అన్నకు పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉంటుంది. తిరుత్తణి పక్కన స్థిరపడిన తమ్మునికి తమిళనాడు అలవాటు ప్రకారం తండ్రి పేరులోని తొలి అక్షరం మాత్రమే ఉంటుంది. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు కుదరవు, విడదీసి పూర్తిగా రాయాలి. దాంతో తమ్మునికి తండ్రి పేరే ఇంటిపేరు స్థానంలోకి వస్తుంది. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలని కాగితం మీద నిరూపించడం గండమవుతుంది. అన్నదమ్ములు కలసి ప్రయాణించినప్పుడు గాని, విదేశంలోని బంధువు ఆహ్వాన పత్రం పంపినప్పుడు గాని ఈ తేడా ప్రశ్నలకు దారితీస్తుంది. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులోని పేరుతో అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి. కాబట్టి పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయడానికి ముందే ఆధార్, టి.సి.లను ఒకే వర్ణక్రమానికి తెచ్చుకోవడం ఉత్తమం. పసిపిల్లల తల్లిదండ్రులకు మరొక మాట. 2025లో సవరించిన నిబంధనల ప్రకారం, 2023 అక్టోబరు 1న గాని, ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు కావాలంటే జనన ధ్రువపత్రం ఒక్కటే పుట్టిన తేదీకి ఆధారం. బడిలో చేర్చేటప్పుడు చూసుకుందాంలే అన్న పాత ధోరణి ఇక సాగదు. ఆ పత్రంలో పేరు తప్పుగా పడితే తరువాతి కాగితాలన్నీ ఆ తప్పునే మోస్తాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పనికోసం వెళ్లదలచిన వారి సంగతి.

ఫిజీలో పనివారి కొరత ఉన్న మాట వాస్తవం. ఆ దేశపు యువకులు ఎక్కువ కూలి కోసం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు తరలిపోతున్నారు. హోటళ్లలో, భవన నిర్మాణంలో, దుకాణాలలో ఖాళీలు ఏర్పడుతున్నాయి. కనుక "అక్కడ పనులున్నాయి" అని ఎవరైనా చెబితే వెంటనే మోసమని కొట్టిపారేయలేము. కాని ఆ పనికి వెళ్లే దారి సందర్శకుల దారి కాదు. యజమాని ముందుకు రావాలి, లిఖితపూర్వకమైన ఒప్పందం ఇవ్వాలి, ఫిజీ వలస శాఖ నుండి పని అనుమతి రావాలి. ఆ అనుమతి చేతికి వచ్చిన తరువాతనే ఇక్కడ విమానం ఎక్కాలి. "ముందు టూరిస్టుగా దిగు తమ్ముడూ, అక్కడ అన్నీ మార్చేస్తాము" అనేవాడు ఎంత దగ్గరి చుట్టమైనా నమ్మదగినవాడు కాడు. అలా దిగి పనిచేసినవాడు చట్టం దృష్టిలో నేరస్థుడు. యజమాని జీతం ఎగవేసినా ఫిర్యాదు చేయడానికి జంకుతాడు. ఆ జంకే ఎగవేతదారునికి పెట్టుబడి.

జీతం మాటకు వద్దాం. ఫిజీలో కనీస వేతనం 2025 ఏప్రిల్ నుండి గంటకు 5 ఫిజీ డాలర్లు. ఆ ఏడాది ఒక ఫిజీ డాలరు విలువ మన రూపాయలలో నలభైకి కొంచెం తక్కువ. వారానికి 45 గంటలు పనిచేస్తే 225 డాలర్లు, అంటే ఎనిమిదిన్నర వేల పైచిలుకు. నెలకు ముప్పై అయిదు వేల దరిదాపు. ఇందులో ఇంటి అద్దె, తిండి ఎవరు పెట్టుకోవాలన్నది ఒప్పందంలో ఉండాలి. అది ద్వీపదేశం, బయటి నుండి ఓడలో దిగే సరుకు ఎక్కువ, అందుచేత ధరలూ ఎక్కువే. నైపుణ్యం ఉన్నవారికి ఇంతకన్న ఎక్కువ రావచ్చు. కాని ఏ నైపుణ్యమూ అడగకుండా నెలకు లక్ష అని చెప్పేవాని లెక్క ఎక్కడ కుదురుతుందో చదువరులే ఆలోచించుకోవాలి.

మన ప్రభుత్వపు రక్షణ కవచం ఇక్కడ ఎంతవరకు పనిచేస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం అంత ఊరటనిచ్చేది కాదు. పదవ తరగతి ఉత్తీర్ణులు కాని వారి పాస్‌పోర్టులను వలస అనుమతి అవసరమైన తరగతిలో ఉంచుతారు. అటువంటి వారు గల్ఫ్ దేశాలు, మలేషియా వంటి నిర్ణీత దేశాలకు పనికి వెళ్లాలంటే వలస సంరక్షణాధికారి ఒప్పందాన్ని పరిశీలించి అనుమతి ఇవ్వాలి, బీమా చేయించాలి. ఆ దేశాల జాబితాలో ఫిజీ లేదు. అంటే ఏడవ తరగతితో చదువు ఆపిన మన ఊరి కుర్రవాడు కువైట్‌కు వెళితే ఒక అధికారి అతని ఒప్పందాన్ని చదువుతాడు. ఫిజీకి వెళితే ఎవరూ చదవరు. ఎక్కువ చదువుకోని వానికి కాగితం చదివిపెట్టే ఏర్పాటు సరిగ్గా ఈ దారిలోనే లేకపోవడం విచిత్రం. ఫిజీకి పోయేవారు కొద్దిమందే కదా అని అధికారులు అనవచ్చు. కొద్దిమందే అయినప్పుడు చదివిపెట్టడం ఇంకా సులభమే గదా?

అలాగని రక్షణ బొత్తిగా లేదనలేము. 1983 వలస చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చుకొనే ఏజెంటు ఏ దేశానికి పంపినా నమోదు అయి ఉండాలి. నమోదైన వారి వివరాలు ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. అతడు అభ్యర్థి నుండి వసూలు చేయగల సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే. రెండు లక్షలు, మూడు లక్షలు అడిగేవాడు ఈ ఒక్క లెక్కతోనే బయటపడతాడు. సందేహముంటే చెన్నై, హైదరాబాదు వంటి నగరాలలో ఉన్న వలస సంరక్షణాధికారి కార్యాలయాలలో విచారించవచ్చు. ఫిజీ వైపు నియమాలను ఢిల్లీలోని ఆ దేశపు హైకమిషన్ ద్వారా తెలుసుకోవచ్చు. 2025 నాటి ఉద్దేశ ప్రకటనను చూపి "ప్రభుత్వమే పంపుతున్నది" అనేవారుంటే వారితో ఒక మాట చెప్పండి. ఉద్దేశ ప్రకటన అంటే ఇకముందు ఏదో చేయాలనుకుంటున్నామని ఇరుపక్షాలూ చెప్పుకోవడం. అది నియామక పత్రం కాదు.

ఇంతగా ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, ఫిజీకీ మన ఊళ్లకూ మధ్య ఒక కాగితపు చరిత్ర ఉన్నది. 1879 నుండి 1916 వరకు అరవై వేల పైచిలుకు భారతీయులను చెరకు తోటల కూలికి బ్రిటిష్ వారు ఫిజీకి ఓడలలో తరలించారు. మొదట కలకత్తా నుండి, 1903 నుండి మద్రాసు రేవు నుండి కూడా ఓడలు సాగాయి. మద్రాసు నుండి వెళ్లినవారు 15 వేల పైన. వారిలో తమిళులు, తెలుగువారు, మలయాళీలు ఉన్నారు. ఎక్కువమందిని పంపిన జిల్లాలలో ఉత్తర ఆర్కాటు ఒకటి. కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల నుండి కూడా వెళ్లారు. అయిదేళ్ల ఒప్పందం. మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు. అదీ అప్పగించిన పని పూర్తయితేనే. పని కొలత పూర్తికాక ఆ కూలి కూడా అందుకోలేనివారు ఎందరో. సొంత ఖర్చు లేకుండా తిరిగి రావాలంటే పదేళ్లు అక్కడ ఉండాలి. ఒప్పందాన్ని ఇంగ్లీషులో 'అగ్రిమెంట్' అంటారు గదా, ఆ మాట నోరు తిరగక వారు 'గిర్మిట్' అన్నారు. చివరికి ఆ మాటే వారి జాతకమైంది. గిర్మిటియాలు అన్న పేరే మిగిలింది. వేలిముద్ర వేసిన కాగితంలో ఏమున్నదో, ఆ దేశం ఎంత దూరమో వారిలో అనేకులకు తెలియదు. 1920 జనవరి 1తో ఆ విధానం రద్దయింది. ఫిజీ ప్రభుత్వం 2023 నుండి మే నెలలో గిర్మిట్ దినాన్ని జాతీయ సెలవుగా పాటిస్తున్నది.

రబుకా పేరు విన్నప్పుడు చరిత్ర తెలిసినవారికి మరొకటి కూడా గుర్తుకు రాక మానదు. 1987లో సైనికాధికారిగా ఉండి, భారత సంతతి వారికి ప్రాధాన్యం ఉన్న ప్రభుత్వాన్ని కూలదోసినది ఆయనే. ఆ తరువాత వేలాది భారత సంతతి కుటుంబాలు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాలకు తరలిపోయాయి. అదే రబుకా, దక్షిణ భారత సంతతికి చెందిన ప్రతిపక్ష నాయకుడు జైరామ్ రెడ్డితో కలసి 1997 రాజ్యాంగానికి దారి చేశారు. 2023లో నాటి తిరుగుబాటుకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మనుషులు మారతారనడానికి ఇది సాక్ష్యమా, కాలం మార్పిస్తుందనడానికా అన్నది వేరే చర్చ. ఆ దేశంలో అడుగుపెట్టేవారు అక్కడివారితో పాత గాయాల గురించి తొందరపడి మాట్లాడకపోవడం మర్యాద.

సామాను విషయంలో క్లుప్తంగా కొన్ని మాటలు. ద్వీపదేశాలకు బయటి పురుగు, బయటి తెగులు ప్రాణాంతకం. అందుచేత ఫిజీలో తినుబండారాలు, విత్తనాలు, ఆకులు, పాల పదార్థాలు, తేనె, మాంసం ఏవి తెచ్చినా దిగగానే ఇచ్చే కాగితంలో తెలియజేయాలి. ఆవకాయ, నెయ్యి, కరివేపాకు, తమలపాకులు, కొబ్బరికాయ, ఆవుపేడ విభూతి, ఇవన్నీ మనకు ఆప్యాయతలు, వారికి అనుమానాలు. తెలియజేస్తే మహా అయితే తీసి పక్కన పెడతారు. దాచితే జరిమానా పడుతుంది. ముఖ్యంగా పెరటి విత్తనాలు కొంగున కట్టుకుపోయే మన అమ్మమ్మలకు ఈ మాట నచ్చజెప్పి బయలుదేరదీయాలి.

అక్కడ మలేరియా లేదు గాని డెంగీ ఉన్నది, దోమలతో జాగ్రత్త తప్పదు. నవంబరు నుండి ఏప్రిల్ వరకు తుఫానుల కాలం. 2016 ఫిబ్రవరిలో వచ్చిన విన్‌స్టన్ తుఫాను 44 మందిని బలిగొన్నది. వీలైతే మే నుండి అక్టోబరు లోపల ప్రయాణం పెట్టుకోవాలి. గడియారం మనకన్న ఆరున్నర గంటలు ముందు. విద్యుత్ ప్లగ్గు ఆస్ట్రేలియా తరహాది, మన ఛార్జరు నేరుగా పట్టదు. నిత్యం మందులు వాడేవారు వైద్యుని చీటీతో సహా చేతిసంచిలో ఉంచుకోవాలి.

అక్కడ తెలుగు వినిపిస్తుందా అని చాలామంది అడుగుతారు. అరుదుగా. వేర్వేరు భాషల కూలీలు ఒకే లైనులో బతకవలసి వచ్చినందువల్ల ఫిజీ హిందీ అన్న ఒక ఉమ్మడి భాష పుట్టింది, దక్షిణాది భాషలు అందులో కరిగిపోయాయి. అయినా 1926లో ఏర్పడిన సంగం, 1941లో ఏర్పడిన దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం బడులు, గుళ్లు, పండుగల ద్వారా గుర్తులు నిలిపాయి. నాడిలోని సుబ్రహ్మణ్యస్వామి ఆలయ గోపురం చూసినవారికి తిరుత్తణి గుర్తుకు రాకపోదు. అన్నట్టు, ఆ ఊరి పేరు రాత ప్రకారం నాడి అయినా అక్కడివారు 'నాండి' అంటారు. ఫిజీ రాతలో డకారానికి ముందు నకారం దానంతటదే పలుకుతుంది. లిపి వల్ల పేరు మారే అవస్థ మనకొక్కరికే కాదన్నమాట! 2025 పర్యటనలో ఫిజీ విశ్వవిద్యాలయానికి హిందీ, సంస్కృత బోధకుణ్ణి పంపుతామని మన ప్రభుత్వం చెప్పింది. మంచిదే. మద్రాసు ఓడలెక్కినవారి మనుమలు, మునిమనుమల కోసం తెలుగు, తమిళ బోధకులను కూడా పంపమని అడగడం మన రాష్ట్రాల వంతు. ఇప్పటివరకు గట్టిగా అడిగిన గొంతు వినలేదు.

చివరిగా, ప్రయాణం అటునుండి ఇటు జరిగే సందర్భం. ఫిజీ నుండి పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ వచ్చేవారి చేతిలో ఉండే ఆధారం ఒక్కటే, నాటి వలస పాసు నకలు. అందులో కూలీ పేరు, తండ్రి పేరు, కులం, వయస్సు, ఒంటిమీది గుర్తులు, జిల్లా, తాలూకా, ఊరు రాసి ఉంటాయి. ఆ నకళ్లు సువాలోని జాతీయ పత్రభాండాగారంలో ఉన్నాయి. కాని పాసులోని జిల్లా నేటి జిల్లా కాదు. ఉత్తర ఆర్కాటు నుండి 1911లో చిత్తూరు జిల్లా విడివడింది. 1960లో తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. నాటి విశాఖపట్నం జిల్లాలోని కోరాపుట్, రాయగడ ప్రాంతాలు 1936లో ఒడిశాకు వెళ్లాయి. కనుక ఎవరైనా "నార్త్ ఆర్కాట్" అని రాసిన పాసు పట్టుకొని మన వాకిట నిలిస్తే వేలూరుకు పొమ్మని పంపివేయకండి. ముందు తాలూకా పేరు చదవండి, తరువాత ఊరి పేరును తెలుగులోనూ తమిళంలోనూ పలికి చూడండి. ఇంగ్లీషు గుమాస్తా ఏ పలుకుబడి విని రాసుకున్నాడో అప్పుడు తెలుస్తుంది. గ్రామ లెక్కలు చూసే అధికారి వద్ద పాత శివారు పేర్లు ఉంటాయి, వాటితో సరిచూడవచ్చు.